ఒక మాప్ తక్కువుంది

“చెయ్యి దించకమ్మా!” ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో టెక్నీషియన్ శిక్షణకు చేరిన పిల్లలు మొదటి వారాల్లో ఎక్కువసార్లు వినే మాట ఇదే. ఇంటర్ బైపీసీ అయ్యాక డిప్లొమాకో బీఎస్సీకో వచ్చిన వాళ్లు పెద్దపెద్ద యంత్రాల దగ్గర నిలబడతామనుకుంటారు. తీరా వస్తే ముందు నేర్పేది చేతులు కడుక్కోవడం. ఒక్కో వేలికి నాలుగు పక్కలుంటాయని అక్కడే తెలుస్తుంది. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, అరచేయి, మణికట్టు, అక్కణ్నుంచి మోచేతి పై దాకా రుద్దాలి. నీళ్లు వేళ్ల నుంచి మోచేతి వైపే జారాలి. ఒక్క చుక్క వెనక్కి పారినా మళ్లీ మొదటికి. అందుకే చేతులు పైకెత్తి పట్టుకుని, తలుపును వీపుతో నెట్టుకుంటూ లోపలికి నడుస్తారు.

గౌను, గ్లవ్స్ వేసుకున్నాక ఒళ్లు రెండు భాగాలవుతుంది. ఛాతీ నుంచి నడుము దాకా ముందువైపు స్టెరైల్, అంటే క్రిములు లేని భాగం. నడుము కిందా, వీపూ కాదు. ముక్కు దురద పెట్టినా ఓర్చుకోవాల్సిందే.

ఇంతవరకు ఎవరికైనా అలవాటవుతుంది. కష్టమైనది మరొకటుంది. గ్లవ్ వేలి కొస మాస్కు అంచుకు తగిలింది. ఎవరూ చూడలేదు. తెలిసింది ఆ గ్లవ్ వేసుకున్న అమ్మాయి ఒక్కదానికే. అప్పుడు పది మంది ముందు నోరు తెరిచి “సిస్టర్, నా గ్లవ్ పోయింది, ఇంకోటివ్వండి” అనాలి. శిక్షణలో అన్నిటికన్నా విలువైన రోజు అదే. మార్కుల జాబితాలో దానికి చోటుండదు గానీ, రోగి ప్రాణం ఆ మాట మీద ఆధారపడి ఉంటుంది.

ఆ గ్లవ్‌కూ ఒక కథ ఉంది. 1889-90 చలికాలంలో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు సర్జన్ విలియం హాల్‌స్టెడ్‌ దగ్గర పనిచేసేది. క్రిమిసంహారకంగా వాడే మెర్క్యూరిక్ క్లోరైడ్‌కు ఆమె చేతులు పగిలిపోయాయి. హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బర్ కంపెనీ చేత పలుచటి తొడుగులు చేయించాడు. రోగిని కాపాడతాయన్న ఆలోచన తర్వాత వచ్చింది. హాప్కిన్స్ థియేటర్‌లోకి రబ్బరు తొడుగులు ముందు వచ్చింది, పనిముట్లు అందించే మనిషి చేతుల కోసం.

చేతికి అంత విలువ ఇవ్వడం మన దగ్గర పాత సంగతే. సుశ్రుతుడు నూట ఒక్క యంత్రాలను లెక్కగట్టి, వాటిలో చెయ్యే ప్రధానమన్నాడు. శిష్యుల చేత గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోతలు, తామర తూళ్ల మీద సిరలు పొడవడం సాధన చేయించమన్నాడు. ఇప్పటి పిల్లలకు ట్రాలీ మీద పరిచిన పనిముట్లే పలక. ఆలిస్, బాబ్‌కాక్, కోకర్, మస్కిటో... చుట్టాల పేర్లలా నోటికి రావాలి. 3వ నంబరు హ్యాండిల్‌కు 10, 11, 15 బ్లేడ్లు, 4వ నంబరుకు 20 పైవి. బ్లేడును ఫోర్సెప్స్‌తోనే ఎక్కించాలి, వేళ్లతో ముట్టుకోకూడదు. సూదిని నీడిల్ హోల్డర్‌లో దారం వైపు మూడో వంతు దగ్గర పట్టించాలి. సర్జన్ చూపు గాయం మీద నుంచి కదలదు, చెయ్యి మాత్రం చాస్తాడు. పిడి సరిగ్గా ఆ అరచేతిలో పడాలి.

పెద్దాసుపత్రుల్లో ఈ పని చాలావరకు స్క్రబ్ నర్సులది, టెక్నీషియన్లు పక్కనుంటారు. చిన్న నర్సింగ్ హోముల్లో అన్నీ ఒకరే. చూసి నేర్చుకున్నవాళ్లతోనే పని నడిపించే చోట్లూ ఉన్నాయి. అందుకే 2021లో వచ్చిన జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఓటీ టెక్నాలజిస్టును ఒక వృత్తిగా గుర్తించడం చిన్న విషయం కాదు.

ఇక లెక్క. ఆపరేషన్ మొదలుకాక ముందు, పొట్ట మూసే ముందు, చర్మం కుట్టే ముందు మాప్‌లు, గాజ్ గుడ్డలు, సూదులు, పనిముట్లు గట్టిగా పైకి లెక్కపెట్టాలి. నెత్తురు పీల్చిన మాప్ పేగుల మధ్య పేగులాగే కనిపిస్తుంది. ఎక్స్‌రేలో కనబడే దారం అందులో కుట్టి ఉండేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల చెక్‌లిస్టు కూడా చివర్లో ఈ లెక్కే అడుగుతుంది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009 జనవరిలో అధ్యయనం వెలువడింది.

ఒక సిజేరియన్ కేసు. బోర్డు మీద మాప్‌లు పది అని ఉంది. శిక్షణలో ఉన్న అమ్మాయి రెండుసార్లు లెక్కపెట్టింది, తొమ్మిదే వచ్చాయి. సర్జన్ కుట్టుకు చెయ్యి చాచారు. సీనియర్ టెక్నీషియన్ ఆమె ముఖంలోకి చూశాడు గానీ తను మాట్లాడలేదు.

“సార్... ఒక మాప్ తక్కువుంది.”

చాచిన చెయ్యి ఆగింది. “వెతకండమ్మా” అన్నారాయన, తనూ లోపల చూస్తూ. డ్రేప్ మడతలు, బల్ల కింద, కాళ్ల దగ్గర చూశారు. ఎక్కడా లేదు. ఇక ఎక్స్‌రేకు కబురు చేయబోతుండగా, బకెట్‌లో నెత్తురుతో ముద్దయిన మాప్‌ను సిస్టర్ ఫోర్సెప్స్‌తో విప్పింది. ఒకటి కాదు, రెండున్నాయి. వాటిని వేరుచేసి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. అమ్మాయి ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.