పిడిలో దాచిన స్క్రూలు

బడిలో పాడైన లాప్‌టాప్‌లను పిల్లలే బాగుచేసుకోవాలన్న ఆలోచనను గట్టిగా నమ్మి తయారుచేసిన యంత్రం ఒకటుంది. దాని పేరు ఎక్స్‌ఓ. నికోలస్ నెగ్రోపాంటే 2005లో నూరు డాలర్ల లాప్‌టాప్ ఇస్తామని ప్రకటించాడు. 2007లో అది బడులకు చేరేనాటికి ధర దాదాపు రెండింతలైంది.

యంత్రం మటుకు మంచిదే. మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పొచ్చు. స్క్రూ పోతే ఎట్లా అని, పట్టుకునే పిడిలోనే అదనపు స్క్రూలు పెట్టారు. దుమ్ము, నీళ్లు చొరకుండా కీబోర్డు మీద రబ్బరు పొర వేశారు. గొడ్డలి కామ విరిగితే అడవికి పోయి కొత్తది చెక్కుకొచ్చే ఇళ్లలో పెరిగిన మాకు ఈ పద్ధతి పరాయిది కాదు. నైజీరియాలోని గలాడిమా బడిలో పిల్లలే 'లాప్‌టాప్ ఆసుపత్రి' నడిపారని చదివి మేము సంబరపడ్డాం.

మోర్గాన్ ఏమ్స్ పుస్తకం 'ది కరిస్మా మెషీన్' (2019) ఆ సంబరాన్ని తగ్గించింది. పరాగ్వే బడుల్లో ఎక్స్‌ఓలు ఏమయ్యాయో ఆమె అక్కడ ఉండి చూసి రాసింది. తెర పగిలితే కొత్తది కొనే స్తోమత చాలా ఇళ్లకు లేదు. పిడిలో స్క్రూలు దాచినవాళ్లు కొత్త తెర ఎవరు కొనాలో ఆలోచించలేదు. పిల్లలకు యంత్రం ఇస్తే చాలు, వాళ్లే నేర్చుకుంటారన్నది నెగ్రోపాంటే నమ్మకం. పక్కన టీచరు అక్కర్లేదన్నట్టే ఉంటుంది ఆ మాట. మేము టీచర్లం కాబట్టి మాకు కోపం వస్తుందనుకోండి. కానీ నేర్పేవాళ్లు, విడిభాగాలు లేకుండా ఆసుపత్రి నడవదు.

మా ఆశ్రమ పాఠశాల సంగతీ చెప్పాలి. లాప్‌టాప్‌లు బీరువాలో ఉంటాయి. విప్పితే వారంటీ పోతుందని భయం, పాడైతే జీతంలో కోత పడుతుందని అంతకంటే భయం. ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లవాడు, ఊరికే ఆగిపోతున్న ఒకదాన్ని విప్పేశాడు. మేము ముందు తిట్టాం, తర్వాతే అడిగాం.

"ఫ్యాన్ల దుమ్ము పేరుకుంది సార్. కోడి ఈకతో తీసిన" అన్నాడు.

అయితే ఇట్లాంటి పిల్లల్ని చూపించి, ఇక రిపేరు పని వాళ్లదే అంటే మేము ఒప్పుకోం. మన పిల్లలు ఇప్పటికే గదులు ఊడుస్తున్నారు, నీళ్లు మోస్తున్నారు, అన్నం వడ్డిస్తున్నారు. టైంటేబుల్‌లో పీరియడ్ లేకుండా, విడిభాగాలకు పైసా ఇవ్వకుండా చేయిస్తే అది చదువు కాదు, ఇంకో వెట్టి. పీరియడ్ ఇచ్చినా మగపిల్లలు విప్పుతుంటే ఆడపిల్లలు నిలబడి చూడటమేనా? మా బడిలో మొన్నటిదాకా అదే జరిగింది. తప్పు మాది.

ఆ లాప్‌టాప్ ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం ఇంకా 'పనిచేయదు' అనే ఉంది. మార్చి రాస్తే, ఎవరు విప్పారని అడుగుతారు.