స్కాన్‌లో దొరకని ఆయాసం

కేన్సర్‌కి చికిత్స నడుస్తున్న మనిషికి కొద్దిరోజుల్లోనే ఆయాసం ముదిరిపోతుంది. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి మంచం కోడు పట్టుకుని నిలబడిపోతారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. సీటీలో పెద్ద రక్తపు గడ్డేమీ కనపడదు. రక్తం పలచబరిచే ఇంజెక్షన్లు ఇచ్చినా గుణం ఉండదు. "రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయమ్మా, కంగారుపడకండి" అంటారు. పెథాలజిస్టుగా నేను ఒప్పుకోలేని మాట అది.

కడుపులోనో రొమ్ములోనో ఉన్న కణితి నుంచి కణాలు గుంపులుగా ఊడి సిరల్లో పడుతుంటాయి. సిరల్లోని రక్తం గుండె కుడివైపు మీదుగా ఊపిరితిత్తులకే చేరాలి కదా. అక్కడి సన్నని ధమనుల్లో ఆ గుంపులు ఇరుక్కుంటాయి. దీన్నే ట్యూమర్ ఎంబోలిజం అంటాం. ఒక్కొక్కటీ సీటీకి అందనంత చిన్న నాళం. అలాంటివి లెక్కలేనన్ని పూడుకుపోతే, గుండె కుడి భాగం ఎదురు తోసీ తోసీ డస్సిపోతుంది.

ఆ ఊపిరితిత్తి ముక్కకు రంగు వేసి లెన్సు కింద పెడితే, గాలితిత్తులు చక్కగా విచ్చుకునే ఉంటాయి. తొందరపడే కంటికి అది మామూలు ఊపిరితిత్తే. ప్రతి సన్న శ్వాసనాళాన్నీ అంటిపెట్టుకుని ఒక ధమని ఉంటుంది. ఒక్కోదాని దగ్గరా ఆగి చూడాలి. అప్పుడు కనిపిస్తాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నాళం నిండా ఊదారంగు కేంద్రకాలు, చుట్టూ గులాబీరంగు ఫైబ్రిన్. కొన్నిచోట్ల నాళం లోపొరే దళసరెక్కి, రక్తం వెళ్ళే దారి చీలికంత మిగులుతుంది. అలా గట్టిపడ్డ గోడను రక్తం పలచబరిచే మందు ఏం చేయగలదు?

నాళం లోపొర ఇలా దళసరెక్కే ఈ రెండో రకాన్ని 1990లో జర్మనీకి చెందిన ఫాన్ హెర్బే బృందం విడిగా వర్ణించింది. కేన్సర్‌తో పోయిన 630 మంది శవపరీక్షల్లో 21 మందిలో అది కనబడింది. సగానికి పైగా కడుపు కేన్సర్ రోగులే. ఇప్పటికీ చాలా కేసులు మనిషి పోయాకే బయటపడుతున్నాయి. నన్ను తొలిచేది అదే.

బతికుండగా పట్టుకునే దారులు లేకపోలేదు. గుండెకు ఎకో తీస్తే కుడివైపు ఒత్తిడి పెరిగిన సంగతి తెలుస్తుంది. కాథెటర్‌ను ఊపిరితిత్తి ధమని చివరిదాకా పంపి, అక్కడి రక్తం తీసి స్లైడు మీద పరిస్తే ఒక్కోసారి కేన్సర్ కణాలు దొరుకుతాయి. గర్భసంబంధమైన కోరియోకార్సినోమా అనే కేన్సర్ అయితే కీమోతో నయమయ్యే అవకాశం బాగానే ఉంది. కడుపు కేన్సర్‌లో వ్యవధి తక్కువ. అయినా కారణం తెలిస్తే పనిచేయని మందులు ఆపొచ్చు, తక్కువ మోతాదు మార్ఫిన్‌తో ఆ ఆయాసం బాధ తగ్గించొచ్చు. అందుకే మీవాళ్ళకి స్కాన్ బాగుండీ ఊపిరి ఆడకపోతే, ఎకోలో కుడివైపు ఒత్తిడి ఎంతుందో డాక్టర్ గారిని అడగండి.