పేరు లేని రౌతు: వలస కాలపు అశ్వదళ ముద్రణచిత్రాలు – ఒక పరిశీలన

వలస కాలపు భారతీయ అశ్వదళ సైనికులను చూపే రంగుల ముద్రణచిత్రాలను సైనిక దుస్తుల చరిత్రకారులు ఆధారపత్రాలుగా చదువుతారు. పాత చిత్రాలు సేకరించేవారు అలంకారాలుగా చూస్తారు. ఉభయుల దృష్టీ కోటు రంగు మీద, తలపాగా చుట్టిన తీరు మీద నిలిచిపోతుంది. ఆ కోటు తొడుక్కున్న రౌతు ఎవరన్న ప్రశ్న దాదాపు ఎవరూ వేయరు. వేయకపోవడానికి కారణం చూసేవారి అశ్రద్ధ ఒక్కటే కాదు, ఆ చిత్రాల నిర్మాణమే అటువంటిది.

ముందుగా రంగు సంగతి. 1840లలో లండన్‌లోని అకర్‌మన్ సంస్థ హెన్రీ మార్టెన్స్ చిత్రాల ఆధారంగా భారతీయ సైన్యపు దుస్తులపై ఒక చిత్రమాలను వెలువరించింది. అవి ఆక్వాటింట్ పద్ధతిలో రాగి లేదా ఉక్కు ఫలకంపై చెక్కి ముద్రించినవి. ఫలకం ఇచ్చేది గీతలను, ఛాయలను మాత్రమే. రంగులు ఒక్కొక్క ప్రతికీ చేత్తో అద్దినవి. కనుక ఒకే చిత్రం రెండు ప్రతులలో కోటు నీలం రెండు ఛాయలలో కనిపించడానికి అవకాశం ఉంది. ఒక్క ప్రతిని, అందునా దాని అంతర్జాల ప్రతిబింబాన్ని, చూసి ‘ఈ రెజిమెంటు కోటు ఈ రంగుది’ అని నిర్ధారించే పరిశోధకుడు నిజానికి సాక్ష్యంగా స్వీకరిస్తున్నది లండన్‌లో కుంచె పట్టిన ఒక అజ్ఞాత కార్మికుడి చేతివాటాన్ని.

రంగు కంటె ముఖ్యమైనది దుస్తుల రాజకీయం. కంపెనీ సైన్యంలో రెండు తరహాల అశ్వదళాలుండేవి. క్రమబద్ధ దళాల సవార్లకు కంపెనీయే గుర్రం, ఆయుధం, ఐరోపా ఫక్కీ బిగుతు జాకెట్టు ఇచ్చేది. క్రమేతర దళాలలో సిలేదారు పద్ధతి సాగేది. అక్కడ సైనికుడు గుర్రాన్ని, సామగ్రిని తానే తెచ్చుకొని, అందుకు తగిన హెచ్చు జీతం పుచ్చుకొనేవాడు. పొడవాటి అంగీ, కమరుబంధు, తలపాగా ఈ రెండో తరహా వారివి. 1803లో జేమ్స్ స్కిన్నర్ నెలకొల్పిన పసుపు కోట్ల దళం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

1857 మే 9న మీరట్ కవాతు మైదానంలో మూడవ బెంగాల్ లైట్ కావల్రీకి చెందిన 85 మంది సవార్ల యూనిఫారాలు ఊడదీసి సంకెళ్ళు వేశారు. మరునాడే తిరుగుబాటు మొదలైంది. కోటు ఊడదీయడం శిక్షలో భాగమయిందంటే, ఆ కోటు ఎవరిదన్న విషయంలో ప్రభుత్వానికి సందేహం లేదన్నమాట. ఆ సంక్షోభంలో బెంగాల్ క్రమబద్ధ అశ్వదళాలన్నీ అంతరించాయి. 1861 పునర్వ్యవస్థీకరణలో స్కిన్నర్ దళమే మొదటి బెంగాల్ కావల్రీ అయింది. అటుపై ముద్రణచిత్రాలలో ‘సంప్రదాయ భారతీయ’ వేషంగా పరిచితమైన అంగీ, తలపాగా, నిజానికి ఈ ఎంపికలో మిగిలిన వేషం. వలస ప్రభుత్వమే భారతీయతకు వస్త్రరూపం నిర్ణయించిన తీరును బెర్నార్డ్ కోన్ 1989 నాటి వ్యాసంలో సిక్కు తలపాగా సందర్భంగా వివరించాడు. అశ్వదళ చిత్రాలకూ ఆ వాదం అన్వయిస్తుంది. అయితే అందులో సిలేదారు ఆర్థికం, అంటే సైనికుడు సొంత సొమ్ము పెట్టి కొన్న గుర్రం, సామగ్రి కూడా చేరాలి.

ఈ చిత్రాలకు ఎదురుగా పెట్టి చూడదగినవి విలియం ఫ్రేజర్ కోసం ఢిల్లీ చిత్రకారులు 1815–19 మధ్య గీసిన నీటిరంగు చిత్రాలు. గులాం అలీ ఖాన్ కుటుంబానికి వీటితో సంబంధముందని కళాచరిత్రకారులు భావిస్తారు. స్కిన్నర్ దళంలో చేరిన గ్రామీణులూ వీటిలో ఉన్నారు. ముఖాలు వేరువేరు, చాలా చిత్రాల మీద ఆ మనిషి పేరు, ఊరు పారశీకంలో రాసి ఉన్నాయి. ఇవి కూడా ఒక కంపెనీ అధికారి వినోదానికే పుట్టినవి, కనుక వీటిని నిర్దోషమైనవిగా ఎంచనక్కరలేదు. కాని చిత్రకారుడి ఎదుట ఒక వ్యక్తి నిలబడ్డాడన్న స్పృహ వీటిలో ఉంది. అచ్చుచిత్రానికి దిగేసరికి కింది పంక్తిలో పేరు పోయి రెజిమెంటు సంఖ్య మిగిలింది.

1911లో ఎ. సి. లవెట్ చిత్రాలతో, జి. ఎఫ్. మక్‌మన్ రచనతో ‘ది ఆర్మీస్ ఆఫ్ ఇండియా’ వెలువడింది. ముందుమాట లార్డ్ రాబర్ట్స్‌ది. ఇక్కడ వ్యక్తి స్థానంలోకి కులం, తెగ వచ్చాయి. ముఖం రూపురేఖలు ‘యోధ జాతి’ లక్షణాలకు నమూనాలయ్యాయి. మక్‌మన్ తరువాత 1933లో ఆ పేరుతోనే ఒక గ్రంథం రాశాడు. లవెట్ కుంచె నైపుణ్యం కాదనలేనిది. అయినా ఆ నైపుణ్యమే ఒక వాదానికి నమ్మకాన్ని సమకూర్చింది. రాబర్ట్స్ 1881–85 మధ్య మద్రాసు సేనాధిపతిగా ఉండి దక్షిణాది సైనికులను తక్కువగా అంచనా వేశాడు. తెలుగువారి చేరిక క్రమంగా సన్నగిల్లడానికి ఆ అంచనా ఒక కారణం. ఒకప్పుడు ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అని పిలిచేవారన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక తప్పదు.

తెలుగు పరిశోధకుడికి దగ్గరి రంగం హైదరాబాదు కంటింజెంట్ అశ్వదళం. బొల్లారం కేంద్రంగా పెరిగి, 1903లో భారత సైన్యంలో కలిసిన ఆ దళాల వారసత్వమే డెక్కన్ హార్స్. ముద్రణచిత్రాలలో ఆ రౌతుల కోట్లు దొరుకుతాయి. పేర్లు వెతకవలసిన చోట్లు వేరు: జీతాల పట్టీలు, పింఛను దస్త్రాలు, కంటోన్మెంటు శ్మశానాల, దర్గాల శాసనాలు, సిలేదారు గుర్రాల కొనుగోలు లెక్కలు. వీటిలో చాలా భాగం ఉర్దూ, పారశీకాలలో ఉంటుంది. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలలో ఆ లిపి చదవగల పరిశోధక విద్యార్థులు ఎందరున్నారన్నది కోటు రంగు కంటె ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.