మెట్టుగూడ లేత్, దాని నూరు గీతలు

మెట్టుగూడలో ఇనుము పని తెలిసిన ఇళ్లకు కొదవ లేదు. పక్కనే లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్. నిజాం రైల్వే రోజుల్లో, 1893లో మొదలైంది. అక్కడ పనిచేసి రిటైరైన ఒక టర్నర్ గారి ఇంట్లో, స్కూటర్ పెట్టుకోవాల్సిన వరండాలో ఒక లేత్ ఉంది. బటాలాలో తయారైన నాలుగున్నర అడుగుల మిషన్. కోన్ పుల్లీ, బెల్టు, అంగుళానికి నాలుగు మరల లీడ్ స్క్రూ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మోటారు షాఫ్టులు, బుష్‌లు తిప్పే చిన్న షాపుల్లో ఎక్కడైనా కనిపించే రకమే. ఇంగ్లండ్‌లో 1946 నుంచి మైఫర్డ్ ఎంఎల్7 లాంటి చిన్న లేత్‌లు ఇంటి వర్క్‌షాపులో కూడా సరిపోయేలా వచ్చాయి. మనకు ఆ సౌకర్యం అంతగా లేదు. షాపు మిషన్‌నే ఇంటికి తెచ్చుకుని, దానికి మర్యాద నేర్పుకోవాలి.

ఆయన నేర్పిన మర్యాదల్లో నేను ఎక్కువసేపు చూసింది క్రాస్ స్లైడ్ డయల్‌ని. మిషన్‌తో వచ్చిన డయల్ చిన్నది. చుట్టూ నూరు గీతలు, గీతకూ గీతకూ మధ్య ఒక మిల్లీమీటరు. కళ్లజోడు పెట్టుకున్నా ఏ గీత దగ్గర ఆగామో అనుమానమే. ఆయన అల్యూమినియం రౌండు తెచ్చి 80 మిల్లీమీటర్ల డయల్ తిప్పారు. అంతే, గీతల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లయింది. స్క్రూ అదే, నట్టు అదే, చదవడం మాత్రం హాయి.

నూరు గీతలు సమంగా గీయడానికి డివైడింగ్ హెడ్ కావాలంటారు. ఆయన దగ్గర లేదు. కానీ లేత్‌తో వచ్చిన ఛేంజ్ గేర్లలో నూరు పళ్ల గేరు ఉంది. దాన్ని స్పిండిల్ వెనక బిగించి, పళ్ల సందులో పడేలా స్ప్రింగుతో ఒక పిన్ను పెట్టారు. ఒక్కో సందు ఒక్కో గీత. మోటారు ఆపి, మొన తేలిన టూలును పక్కకు పడుకోబెట్టి, శాడిల్‌ని చేత్తో ముందుకు నడిపితే అల్యూమినియం మీద సన్నని గాడి పడుతుంది. గీత పొడవు మూడు రకాలు: మామూలుది, ఐదోది, పదోది. శాడిల్ ఎక్కడ ఆగాలో చెప్పడానికి మూడు మెట్లున్న ఒక ఇనుప ముక్క బెడ్డు మీద బిగించారు. ఏ గీతకు ఏ మెట్టో పొరపాటు పడకుండా చాక్‌పీసుతో గేరు పళ్ల మీద గుర్తులు. ఇప్పుడు డయల్ తిప్పి చూస్తే పదో గీతలన్నీ ఒకే అంచు దగ్గర ఆగుతాయి, ఒక్కటీ దాటదు.

అంకెల సంగతి ఇంకా బాగుంది. అంకెల పంచ్‌ను సుత్తితో కొడితే ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా పడటం మామూలు. ఆయన ఒక చదరపు కన్నమున్న దిమ్మ చేసి టూల్ పోస్టులో బిగించారు. పంచ్ దాంట్లోంచే దిగాలి, ఒక్క దెబ్బే కొట్టాలి. మామూలు సెట్టులో తొమ్మిదే పంచ్‌లుంటాయి, ఆరునే తిప్పి తొమ్మిదిగా వాడాలి. కన్నం చదరంగా ఉంది కాబట్టి తిప్పినా వంకర పోదు. కొట్టినప్పుడు అంకె చుట్టూ లోహం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పోయేదాకా పైపొర సన్నగా తీసి, నల్ల ఎనామిల్ పూసి, ఆరకముందే తుడిచారు. గాళ్లలో మాత్రమే నలుపు నిలిచింది. ఫ్యాక్టరీ డయల్ పక్కన పెడితే ఏది ఇంట్లో చేసిందో నేను పోల్చలేను.

డయల్ లోపల కనిపించనిది మరొకటుంది. పాత డయల్‌ని సున్నాకు తేవాలంటే గ్రబ్ స్క్రూ వదులు చేసి, తిప్పి, మళ్లీ బిగించాలి. బిగించేటప్పుడే ఒక గీత జరిగేది. కొత్తదాంట్లో స్ప్రింగు నొక్కి పట్టిన చిన్న ఇత్తడి ముక్క ఉంది. వేళ్లతో తిప్పితే తిరుగుతుంది, వదిలితే ఉన్నచోటే ఉంటుంది, స్క్రూ కదలదు.

డయల్ బాగుంటే సరిపోదు, వెనకున్న స్క్రూలో ప్లే ఉంటే గీతలన్నీ అబద్ధమే. ఆ స్క్రూ కాలరు కాస్టింగుకు నేరుగా రాసుకునేది. రెండు వైపులా 51101 నంబరు థ్రస్ట్ బేరింగులు వేశారు. రాణీగంజ్‌లో అడగ్గానే దొరికే సరుకే. కంచు నట్టును సగానికి చీల్చి, మధ్యలో సర్దుబాటు స్క్రూ పెట్టారు. అరిగేకొద్దీ కాస్త బిగించుకోవచ్చు. ఇంత చేసినా ప్లే పూర్తిగా పోలేదు, పోగొట్టాలని ఆయన పంతం పట్టనూ లేదు. మిగిలింది ఎన్ని గీతలో కొలిచి హెడ్‌స్టాక్ మీద పెన్నుతో రాసుకున్నారు.

నూరో వంతు మిల్లీమీటరు కావాల్సినచోట కాంపౌండ్ స్లైడును అక్షానికి 5 డిగ్రీల 44 నిమిషాల కోణంలో తిప్పుతారు. ఆ కోణం సైన్ విలువ పదో వంతు, కాబట్టి స్లైడు పది కదిలితే టూలు లోపలికి ఒకటే దిగుతుంది. పాత టర్నర్లందరికీ తెలిసిన కిటుకే. ఈయన చేసిందల్లా డయల్ గేజ్‌తో ఆ కోణం పట్టుకుని, బేసు మీద సన్నని గీత గీసి ఉంచడం. కోణాల పట్టీ మీద నిమిషాలు చదివే అవస్థ తప్పింది.

మరలు కోసేందుకు చేసిన హ్యాండిల్ నా దృష్టిలో వీటన్నిటిలోకీ తెలివైనది. లీడ్ స్క్రూ అంగుళాలది. మిల్లీమీటర్ల మరలు కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే అంగుళం 25.4 మిల్లీమీటర్లు, దానికి ఐదు రెట్లు 127. ఒకటిన్నర మిల్లీమీటర్ల పిచ్‌కు 30 పళ్ల గేరు 127ని తిప్పితే లెక్క తేలిపోతుంది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే తన లేత్ మీద గేర్లు మార్చి రకరకాల మరలు కోసిన పద్ధతికి ఇది మనవడు. అయితే ఇలా కోసేటప్పుడు హాఫ్ నట్ మధ్యలో విప్పితే మర తప్పుతుంది. మోటారును వెనక్కి తిప్పాలి, లేదా చేత్తో తిప్పాలి. మెట్టు దాకా కోయాల్సిన మరకు చెయ్యే నయం.

అందుకే స్పిండిల్ వెనక బోరులో దూరే హ్యాండిల్ చేశారు. కొసన నాలుగు చీలికలున్న ఉక్కు ప్లగ్గు, లోపల కోను. బోల్టు బిగిస్తే కోను వెనక్కి వచ్చి, ప్లగ్గు ఉబ్బి బోరును పట్టుకుంటుంది. ఇందులో ప్రమాదం ఒకటే: హ్యాండిల్ ఉండగా ఎవరైనా స్విచ్ వేస్తే అది తిరుగుతూ చెయ్యి విరుస్తుంది. దానికి ఆయన చేసిన ఏర్పాటు చూడాలి. హ్యాండిల్ తగిలించే కొక్కెం కింద ఒక మైక్రో స్విచ్ ఉంది. హ్యాండిల్ బరువు దాన్ని నొక్కి ఉంచితేనే మోటారుకు కరెంటు వస్తుంది. కొక్కెం మీద నుంచి తీశారా, మోటారు పనిచేయదు. హెచ్చరిక బోర్డు పెట్టలేదు, అవసరమూ లేదు.

మిగతావి క్లుప్తంగా. శాడిల్ రెండు కొసలా ఫెల్టు ముక్కలు, ఇనుప రజను కిందికి పోకుండా. గిబ్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఒక డోవెల్. బెడ్డు మెలి తీయడానికి టెయిల్‌స్టాక్ వైపు పాదం కింద కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కత్తిరించిన రేకులు. పొడవాటి రాడ్డు మీద రెండు కాలర్లు ఒకే సెట్టింగులో తిప్పి, మైక్రోమీటరుతో రెండూ ఒకే కొలత వచ్చేదాకా రేకులు మార్చారు. అయస్కాంతంతో నిలిచే దీపం మాత్రం నాకు నచ్చలేదు, దాని కాలికి రజను గడ్డంలా పేరుకుంటోంది.

బెడ్డు చక్ దగ్గర అరిగింది. దాన్ని గీకి సరిచేయాలని గానీ, డిజిటల్ రీడౌట్ పెట్టాలని గానీ ఆయన అనుకోలేదు. రెండూ చేయించొచ్చు, ఖర్చు మిషన్ ధరను మించుతుంది. కచ్చితమైన జాబ్‌లను కాస్త దూరంగా, బెడ్డు అరగనిచోట పట్టుకుంటున్నారు. కాస్టింగులో కొత్త కన్నాలు కూడా తక్కువే. పాత బోల్టు కన్నాలనే ఎక్కువగా వాడుకున్నారు. ఇక మిగిలింది టెయిల్‌స్టాక్ బ్యారెల్ మీద మిల్లీమీటర్ల గీతలు. ఆ మూడు మెట్ల ముక్క, చదరపు కన్నం దిమ్మ దానికోసం అలమారాలో నూనె రాసి ఉంచారు.