గంతకు తగ్గ బొంత

క్రిస్మస్ గుడ్డ కొనాలంటే ఇక్కడ ఎండాకాలంలోనే కొనాలి. ఒహాయోలో మేముండే ఊరి క్విల్ట్ (ముక్కలు అతికి కుట్టే బొంత లెండి) షాపులో జూన్ నెలాఖరుకల్లా ఎర్రపూలు, పచ్చటి మండలు, మంచు బొమ్మలు అచ్చేసిన తానులు వరసగా నిలబడి ఉంటాయి. బయట తొంభై డిగ్రీల ఎండ (ఫారన్‌హీట్ లెండి, భయపడకండి), లోపల మంచు. పండగ దగ్గరకొచ్చాక వెళితే మనం కోరుకున్నది దొరకదు. ఒక్కో కలెక్షన్‌ను సాధారణంగా ఒక్కసారే అచ్చేస్తారు, అయిపోతే అయిపోయినట్టే. అందుకని ఇక్కడి ఆడవాళ్లు ముందు గుడ్డ కొనేసి, ఏం కుట్టాలన్నది తర్వాత ఆలోచిస్తారు. నేనూ ఆ తానులో ముక్కనే.

ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి అలా ఒక కలెక్షన్ కొన్నాను. కలెక్షన్ అంటే ఒకే రంగుల్లో, ఒకే చేతి గీతతో వేసిన పాతిక ముప్ఫై రకాల అచ్చులు. అందులో పెద్దపూల గుడ్డ ఒకటుంటుంది, దాన్ని చూసే మనం మోసపోయేది. తర్వాత దానికి ఈడైన నాలుగైదు మధ్యరకం అచ్చులు. మిగిలినవన్నీ చుక్కలు, గీతలు, నాలుగడుగుల దూరం నుంచి ఒట్టి రంగులా కనబడే చిల్లర అచ్చులు. నా పెద్దపువ్వు పాయిన్‌సెట్టియా. డిసెంబరులో హైదరాబాదు నర్సరీల్లో కుండీల నిండా ఎర్రటి ఆకులతో కనిపిస్తుందే, అది. ఒక్కోటి ఎనిమిదంగుళాల వెడల్పు, రేకుల అంచున బంగారు గీత.

ఆ గుడ్డకు నేను ఎంచుకున్న ప్యాటర్న్ ఒహాయో స్టార్. కారణం సిగ్గుపడాల్సిందే. ఒహాయోలో ఉంటున్నాను కాబట్టి. తొమ్మిది గడుల బ్లాకు, నాలుగు గడుల్లో త్రికోణాలు అతికితే మధ్య గడి చుట్టూ నక్షత్రం వస్తుంది. గడి మూడంగుళాలు. ఎనిమిదంగుళాల పువ్వును మూడంగుళాల ముక్కలుగా, వాటిలో మళ్లీ త్రికోణాలుగా తెగ్గోసి నెలరోజులు కుట్టాను. నాకు కుట్టు నేర్పిన పొరుగావిడకు డెబ్బై దాటాయి. ఆవిడ చూసి, ‘చాలా బాగుంది. పూలేమయ్యాయి?’ అంది.

పూలు ముక్కల్లోనే ఉన్నాయి. పువ్వుగా లేవు, అంతే.

ఆ రోజు నుంచి నాకు టేపుతోనే పని మొదలు. గుడ్డలో అన్నిటికంటే పెద్ద బొమ్మ ఎంత వెడల్పుందో కొలుస్తాను. దానికి అరంగుళం కలుపుతాను, ఎందుకంటే ప్రతి ముక్కకూ రెండువైపులా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. ఆ కొలత ముక్క ఏ ప్యాటర్న్‌లో పడుతుందో ఆ ప్యాటర్నే పెద్దపూలకు పనికొస్తుంది. లెక్క ఇంతే గాని, షాపులో దీన్ని మరిపించే ఏర్పాట్లు చాలా ఉన్నాయి. ముందే కోసి కట్టలు కట్టి అమ్ముతారు కదా. ఐదంగుళాల చదరాల కట్టను చార్మ్ ప్యాక్ అంటారు, పదంగుళాలదైతే లేయర్ కేక్. రెండున్నర అంగుళాల పేలికలను చాపచుట్టలా చుట్టి జెల్లీ రోల్ అంటారు. పేర్లన్నీ తిండివే, నోరూరుతుంది. కాని ఐదంగుళాల చదరంలో కుట్లు పోగా మిగిలేది నాలుగున్నర. ఎనిమిదంగుళాల పువ్వు దాంట్లో పట్టమంటే ఎలా పడుతుంది? చిల్లర అచ్చులకు జెల్లీ రోల్ బంగారం, పెద్దపూలకు కాదు. వీళ్ల ఫ్యాట్ క్వార్టర్ నయం. మన జాకెట్టు ముక్కలాంటిదే, పావుగజం గుడ్డను సన్నగా పొడుగ్గా కాకుండా 18 అంగుళాలకు 22 అంగుళాలు వచ్చేలా కోస్తారు. పువ్వు నిలిచేంత జాగా ఉంటుంది.

రెండో దెబ్బ రంగుల దగ్గర తగిలింది. క్రిస్మస్ అంటే ఎరుపూ పచ్చా. రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తేడా తెలుస్తుంది కదా అనుకుని పచ్చటి నేల మీద ఎర్ర నక్షత్రాలు వేశాను. గోడకు తగిలించి గది అవతలి నుంచి చూస్తే నక్షత్రాలు లేవు, మసకమసకగా ఏదో ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి నలుపు తెలుపుకు మార్చాక తెలిసింది. నేను ఎంచిన ఎరుపు, పచ్చ ఒకే చీకటి. క్విల్ట్‌లో ప్యాటర్న్‌ను చూపించేది రంగు కంటే వెలుగునీడల తేడా. ఇప్పుడు కలెక్షన్‌లో లేకపోయినా గజాలకొద్దీ మీగడరంగు గుడ్డ విడిగా కొంటాను. కోయకముందే అన్నిటినీ నేల మీద పరిచి నలుపు తెలుపు ఫొటో తీస్తాను.

చిల్లర అచ్చులకు నాకు నచ్చిన ప్యాటర్న్ లాగ్ క్యాబిన్. నడుమ చిన్న చదరం, దాని చుట్టూ దుంగలు పేర్చినట్టు పేలికలు, ఒక సగం వెలుగు, ఒక సగం నీడ. నడుమ చదరాన్ని ఎర్రగా పెట్టడం ఆనవాయితీ, అది ఇంట్లో పొయ్యి అట. బ్లాకులన్నీ ఒకటే అయినా పేర్చే తీరును బట్టి పేరు మారుతుంది. వెలుగునీడలు ఏటవాలు చారలుగా వచ్చేలా పేరిస్తే ‘స్ట్రెయిట్ ఫరోస్’, అంటే నాగటి చాళ్లు. రైతు కుటుంబం నుంచి వచ్చినదాన్ని, ఆ పేరు విన్నాక ఇంకో తీరుగా పేర్చబుద్ధి కాలేదు. ఒక్క జాగ్రత్త. నిలువు బొమ్మలున్న గుడ్డ దీనికి వద్దు. చుట్టూ తిరిగే పేలికల్లో శాంతాక్లాజులు సగంమంది పడుకుంటారు.

పెద్దబొమ్మకైతే ఆటిక్ విండోస్ ఉంది. చదరాన్ని కోయకుండా అలాగే ఉంచి, రెండు పక్కల ఒక లేతరంగు పట్టీ, ఒక ముదురు పట్టీ కుడితే కిటికీలోంచి చూస్తున్నట్టుంటుంది. ప్యాటర్న్ తన పని చేసి పక్కకు తప్పుకుంటుంది. మా రాష్ట్రంలోనే హోమ్స్ కౌంటీలో, పాతకాలపు తీరులో బతికే ఆమిష్ క్రైస్తవుల పాత క్విల్టులు చూస్తే దీనికి పూర్తి ఎదురు. వాటిలో అచ్చుగుడ్డే ఉండదు, అన్నీ ఒట్టి రంగులు. అక్కడ ప్యాటర్న్ ఎంత ఆడినా చెల్లుతుంది.

‘గంతకు తగ్గ బొంత’ అని మనవాళ్లు మొగుడూపెళ్లాలను ఎగతాళి చేస్తారు. నాకది పనిసూత్రం. గుడివాడ దగ్గర పల్లెలో మా అమ్మమ్మ బొంతలు కుట్టేది. పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరిచి, చుట్టూ కూర్చుని కుట్టడమే. ప్యాటర్న్ అనే మాట ఆవిడకు తెలీదు. కాని అంచు మీద కత్తెర పడనిచ్చేది కాదు. ‘ఒళ్లు చిరిగినా అంచు బాగుంది చూడవే’ అంటూ నాలుగువైపులా అంచులొచ్చేలా మడిచేది. పువ్వును మూడంగుళాలకు నరికిన మనవరాలిని చూసుంటే ఏమనేదో.

ఆ ఊరికి బందరు దగ్గరే, గుడ్డల అద్దకానికి పేరుపడ్డ పెడన ఇంకా దగ్గర. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో కొట్టు పెట్టింది. చిరివేరు ఎరుపుతో మనవాళ్లు అద్దిన చీటిగుడ్డ ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లి అక్కడి పక్కల మీదికి, గౌనుల్లోకి ఎక్కింది. అక్కడి నేతగాళ్లు గోల పెడితే పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టం చేసి ఆపాల్సి వచ్చింది. ఆ చీటిగుడ్డ, దాన్ని చూసి ఇంగ్లండులో అచ్చేసిన గుడ్డ అమెరికా తూర్పు తీరానికీ చేరాయి. ఖరీదెక్కువ. అప్పటి ఆడవాళ్లు దాన్ని చదరాలుగా కోయలేదు. పక్షినీ కొమ్మనూ పువ్వునూ అంచు వెంబడే కత్తిరించి, తెల్లగుడ్డ మీద దూరదూరంగా పెట్టి కుట్టారు. ‘బ్రోడరీ పెర్స్’ అంటారు, పర్షియా ఎంబ్రాయిడరీ అని అర్థం. పర్షియాదీ కాదు, ఎంబ్రాయిడరీ అసలే కాదు.

ఎనిమిదేళ్ల నాటి పెద్దపూల గుడ్డ అల్మారాలో గజంన్నర మిగిలి ఉంది. ఈ జూన్‌లో కొత్త గుడ్డ కొనలేదు. ఆ పూలు పదకొండింటిని కత్తిరించి మీగడరంగు గుడ్డ మీద పెట్టాను. ఏడు కుట్టాను, నాలుగు గుండుసూదుల మీద ఉన్నాయి.

అమ్మ పట్టుచీరలు క్విల్ట్‌గా కుట్టించుకోవాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ప్యాటర్న్ బొమ్మలు కూడా పంపిస్తున్నారు. బొమ్మలు తర్వాత. ముందు టేపు తీసి చీర అంచు వెడల్పు, పెద్ద బుటా వెడల్పు కొలిచి నాకు రాయండి.