రోనాల్డ్ రాస్ ఆత్మకథలో కుటుంబం, వైద్యం, సైనికసేవ: ఒక పరిశీలన

ఆత్మకథా రచయిత తన జీవితంలో దేనికి ఎంత చోటు ఇచ్చారన్నది, ఆయన విలువలను నిర్ణయించడానికి తొలి ఆధారం. ఒక కార్యాన్నే జీవితంగా భావించినవారి ఆత్మకథల్లో కుటుంబం తరచు అంచులకు జరుగుతుంది. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రములో ఇంటి జీవితం సంఘసంస్కరణతో పెనవేసుకొని ఉంది. అందుచేత రాజ్యలక్ష్మిగారు అందులో ఉద్యమ సహభాగినిగా దర్శనమిస్తారు. సైనిక వైద్యుని విషయంలో ఈ పొందిక అంత సులభం కాదు. ఎక్కడ ఉండాలి, ఏ రోగులను చూడాలి, భార్యాబిడ్డలతో ఎంతకాలం గడపాలి అన్నవి పై అధికారుల ఉత్తర్వులు తేల్చే విషయాలు. రోనాల్డ్ రాస్ 1923లో ప్రచురించిన ‘మెమొయిర్స్’ ఈ ఒత్తిడిని పరిశీలించడానికి అనువైన గ్రంథం. జీవితచరిత్ర విభాగంలో జేమ్స్ టెయిట్ బ్లాక్ స్మారక పురస్కారం పొందిన ఈ కృతిలో సికింద్రాబాదు ఒక ప్రధాన స్థలం కావడం తెలుగు పరిశోధకులకు దానిని మరింత దగ్గర చేస్తుంది.

వారసత్వంగా వచ్చిన వృత్తి

రాస్ 1857లో అల్మోరాలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో జనరల్ హోదాకు ఎదిగినవారు. కుమారుని మనసు సాహిత్యం, సంగీతం, చిత్రలేఖనాల మీద ఉండేది. వైద్యం తండ్రి నిర్ణయం. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరడం కూడా ఆ నిర్ణయానికి కొనసాగింపే. మన సంప్రదాయపు మాటల్లో చెప్పాలంటే ఇది పితృవాక్యపాలన. కనుక కుటుంబనిష్ఠకూ వైద్యనిష్ఠకూ మధ్య వైరుధ్యాన్ని వెదికే విమర్శ ఇక్కడ మొదటి అడుగులోనే తడబడుతుంది. ఈ జీవితంలో వైద్యం కుటుంబం ద్వారానే ప్రవేశించింది. అది స్వయంగా ఎంచుకున్న దీక్షగా మారింది మాత్రం 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్‌ను కలిసిన తరువాతనే. మలేరియా వ్యాప్తిలో దోమకు పాత్ర ఉందన్న మాన్సన్ ఊహ రాస్‌కు జీవితలక్ష్యమయింది.

కథను నడిపే బదిలీలు

నవలలో విధి నిర్వహించే పాత్రను ఈ ఆత్మకథలో బదిలీ ఉత్తర్వు నిర్వహిస్తుంది. 1895లో సికింద్రాబాదులో పరిశోధన మొదలుపెట్టిన రాస్‌ను ఆ ఏడాదే కలరా నివారణ పనికి బెంగుళూరు పంపారు. 1897లో సికింద్రాబాదు తిరిగివచ్చాక, ఆగస్టు 20న, రోగి రక్తం పీల్చిన దోమ జఠరకుడ్యంలో మలేరియా పరాన్నజీవి ఎదుగుదలను ఆయన గుర్తించారు. పని ముందుకు సాగవలసిన సమయంలో మళ్లీ బదిలీ. ఈసారి రాజపుతానాలోని ఖేర్వాడాకు. 1898లో కలకత్తాలో మిగిలిన దశలను పక్షుల మలేరియా ఆధారంగా పూర్తిచేశారు. మనుషుల మలేరియాలో ఆ చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. ఎవరు ముందన్న వివాదం అక్కడ పుట్టింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే లభించినా ఆ వివాదం ఆయన మనసులో ముగియలేదు.

ఈ నేపథ్యం గ్రంథ కంఠస్వరాన్ని నిర్ణయించింది. పుస్తకంలో అధికభాగం మలేరియా సమస్యకు కేటాయించడం, మాన్సన్‌కు రాసిన ఉత్తరాలను విరివిగా చేర్చడం వ్యాజ్యంలో సాక్ష్యాలు దాఖలు చేసే పద్ధతిని తలపిస్తాయి. ఆత్మకథ అర్జీగా మారినచోట ఇంటి జీవితానికి చోటు తగ్గడం సహజం.

ఒక ఆవిష్కరణ, ఇద్దరు గ్రహీతలు

అయితే అల్పస్థలం అల్పప్రాధాన్యానికి గుర్తు కాదు. 1897 ఆగస్టు నాటి సంఘటన రెండు రూపాల్లో నమోదయింది. మాన్సన్‌కు వెళ్లిన ఉత్తరాలలో కొలతలు, కణాల వర్ణన, సందేహాలు ఉన్నాయి. భార్య రోసాకు వెళ్లినది పద్యం. అందులో దైవం పట్ల కృతజ్ఞత, మృత్యువును జయించే దారి దొరికిందన్న ఉద్వేగం ఉన్నాయి. శాస్త్రవేత్తకు ఋజువు, భార్యకు దాని అర్థం అందాయి. తండ్రి మాటతో పక్కకు జరిగిన కవి, వైద్యుడు గెలిచిన వేళ భార్య ఎదుట తిరిగి ప్రత్యక్షమయ్యాడు. ఆ పద్యం గ్రంథంలో చేరడంతో అర్జీదారు స్వరం కొద్దిసేపు ఆగి, భర్త స్వరం వినబడుతుంది. రాజ్యలక్ష్మిగారి వలె రోసా కార్యంలో సహభాగిని కాదు. కాని ఆ కార్యం ఎవరికి నివేదించబడిందో ఆ వ్యక్తి ఆమె.

లెక్కకు రాని ఇల్లు

ఈ రెండు బంధాల నడుమ మరొకటి ఉంది. ఆ దోమలు కుట్టినది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది. అంతకుముందు, నీటి ద్వారా వ్యాధి సోకుతుందన్న ఊహను పరీక్షించడానికి, దోమలు చచ్చిపడిన నీటిని కొందరిచేత తాగించారు. ఒకరికి జ్వరం కూడా వచ్చింది. కలకత్తాలో దోమలు పట్టి తెచ్చిన మహమ్మద్ బక్స్ వంటి సహాయకుల శ్రమ లేనిదే ప్రయోగాలు సాగేవి కావు. నాటి వలస సైన్యంలో వైద్యునికీ రోగికీ ఉన్న అధికారాంతరం ఆ అణా లెక్కలో ఇమిడి ఉంది. హుస్సేన్ ఖాన్ పేరు వైద్యచరిత్రలో నిలిచింది గాని, ఆయన ఇంటి గురించి, తరువాతి జీవితం గురించి లోకానికి తెలిసినది దాదాపు శూన్యం. ఆవిష్కరణ వార్త విని సంతోషించిన ఇల్లు ఒకటి ఉంది. ఆ ఆవిష్కరణకు రక్తం ఇచ్చిన మనిషి ఇల్లు కథనంలో లేదు. రాస్ వైద్యనిష్ఠను శంకించడానికి ఇది ఆధారం కాదు. ఆ నిష్ఠ ఏ హద్దుల్లో పనిచేసిందో చూపే ఆధారం.

ముగింపు

జనరల్ కొడుకు వైద్యుడయ్యారు. ఆ వైద్యుని కొడుకు సైనికుడై 1914 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధపు తొలి నెలలోనే, ల కాటో యుద్ధంలో మరణించాడు. ప్రాణరక్షణ కోసం తండ్రి వెచ్చించిన ఏళ్లకు ఆ ఇంట ఎదురైన విషాదం ఇది. మశూచి టీకా కనుగొన్న జెన్నర్‌కు బ్రిటిష్ పార్లమెంటు ఇచ్చినట్లే తనకూ పారితోషికం కావాలని రాస్ కోరినా ఫలితం దక్కలేదు. తనకు రావలసిన గుర్తింపు పూర్తిగా రాలేదన్న ఆవేదన వల్ల ఈ గ్రంథానికి తీవ్రత వచ్చింది, పరిమితి కూడా వచ్చింది. తన శ్రమకు విలువ కట్టమని రాజ్యాన్ని పట్టుదలతో అడిగిన రచయిత, ఒక్క అణాతో తీరిపోయిన మరొకరి బాకీ దగ్గర ఆగలేదు. కుటుంబానికీ వైద్యానికీ అంకితమైన జీవితంగా మాత్రమే ఈ ఆత్మకథను చదివితే సగం చదివినట్లు. సికింద్రాబాదు ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోగి వైపు నుంచి కూడా చదవడం తెలుగు ప్రాంతపు విమర్శ చేయవలసిన పని.