ఎర్ర మూత సిరంజి, ఎర్రమట్టి కుండ

మే నెల మధ్యాహ్నం భద్రాచలం దాటి చర్ల దారి పడితే కరిగిన తారు చెప్పులకు అంటుకుంటుంది. ఆ దారిలో, గోదావరికి కాస్త ఎడంగా ఉంటుంది మా మేనత్త ఊరు. వాళ్ల వసారాలో గాలి ఆడే మూల, మూడు ఇటుకల మీద ఒక కుండ, దాని మీద తడిగుడ్డ. కొత్తగా వచ్చినవాళ్లు మంచినీళ్ల కుండ అనుకుని గ్లాసు కోసం వెతుకుతారు. మూత తీస్తే లోపల తడి ఇసుక, ఇసుక మధ్య ఇంకో చిన్న కుండ, అందులో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఇన్సులిన్ సీసా.

అత్తకు షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఉన్న ఇళ్లలోనూ గాలివానకు చెట్టు కూలి తీగలు తెగితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకు. ఆ వారం ఏజెన్సీ దారులు నీళ్ల కింద ఉన్నాయి. ఇలాంటి చోట షుగర్ మనిషి ఏ వస్తువు కొనాలన్నా, అది ఎలా తయారైందో, దేనికి లొంగుతుందో, దేనికి పాడవుతుందో తెలిసి కొనాలి. అత్త కోసం ఒక్కోటీ తెలుసుకుంటూ పోయాను. తెలిసినకొద్దీ వాటిని చేసినవాళ్ల మీద గౌరవం పెరిగింది.

ముందు సీసా. పది మిల్లీలీటర్ల గాజు సీసా, మూతిలో రబ్బరు బిరడా, దాన్ని కదలకుండా పట్టిన అల్యూమినియం పట్టీ. మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున మొత్తం 400 యూనిట్లు. మా వైపు యూనిట్లు అని ఎవరూ అనరు, పాయింట్లు అంటారు. అత్తకు పొద్దున 20, రాత్రి 10 పాయింట్లు. ఆ లెక్కన సీసా 13 రోజులు వస్తుంది, అంటే ఆ రబ్బరులోంచి సూది 26 సార్లు దిగి రావాలి. దిగిన ప్రతిసారీ రబ్బరు సూదిని ఒరుసుకుని పట్టుకోవాలి, తీయగానే రంధ్రం దానంతటదే పూడుకుపోవాలి. చుక్క కారకూడదు, బయటి గాలి చొరకూడదు. మందు దగ్గర ఆసుపత్రిని గుర్తుచేసే ఘాటు వాసన వస్తుంది చూడండి, అది ఇన్సులిన్‌ది కాదు, సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే మెటాక్రెసాల్ అనే మందుది. రబ్బరు కాపలా చాలకపోతే ఇది రెండో కాపలా.

అత్త వాడేది 30/70 రకం. వందలో 30 వంతులు భోజనం వేళకు చప్పున అందుకునే ఇన్సులిన్, 70 వంతులు సగం రోజు పైగా నిదానంగా కరిగేది. ఆ నిదానం వెనక పెద్ద నేర్పు ఉంది. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ హాగెడోర్న్ బృందం చేపల నుంచి తీసిన ప్రోటమిన్ అనే ప్రోటీన్‌ను, రవ్వంత జింక్‌ను ఇన్సులిన్‌తో జతచేసి సన్నటి స్ఫటికాలుగా కట్టించింది. 1946 నాటి పని అది. చర్మం కింద ఆ స్ఫటికాలు పటికబెల్లం ముక్కల్లా కొద్దికొద్దిగా కరుగుతాయి. సీసా కదలకుండా ఉంటే అవి అడుక్కి చేరతాయి, పైన తేట నిలుస్తుంది. అలాగే సూది పెడితే ఒకరోజు తేట ఎక్కువ వస్తుంది, ఇంకోరోజు మడ్డి ఎక్కువ వస్తుంది. అందుకే సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టి పదిసార్లు దొర్లించాలి, పదిసార్లు నెమ్మదిగా తిరగేయాలి. మజ్జిగ చిలికినట్టు ఊపితే నురుగు పడుతుంది, పాయింట్లు తప్పుతాయి. అత్త వత్తి చేసినంత మెత్తగా దొర్లిస్తుంది. బాగున్న మందు పాలలా సమంగా కలుస్తుంది. విరిగిన పాలలా గడ్డలు తేలినా, గాజుకు లోపల తెల్లటి పొర అంటినా ఆ సీసా పనికిరాదు.

ఇక సిరంజి. ఎర్ర మూత సిరంజి గొట్టం మీద యు-40 అని ఉంటుంది. ఒక మిల్లీలీటరు పొడవును 40 గీతలుగా పంచారు, మిల్లీలీటరు మందులో 40 పాయింట్లున్నాయి. అంటే గీతకొక పాయింటు. గుణించే పనీ, భాగించే పనీ లేకుండా లెక్కంతా గొట్టం మీదే కట్టేశారు. అక్షరం రాని మనిషి కూడా గీతలు లెక్కపెట్టుకుని సరైన మోతాదు తీసుకోగలదు. వైద్య పరికరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే.

గొట్టాన్ని దగ్గరగా చూడండి. సూది విడిగా ఊడిరాదు, గొట్టంలోనే అతికి ఉంటుంది. మామూలు సిరంజిలో సూది బిగించే మెడ దగ్గర కాస్త మందు మిగిలిపోతుంది. జ్వరం ఇంజెక్షన్‌కు ఆ చుక్క లెక్కలోకి రాదు, ఇన్సులిన్‌కు అదే రెండు మూడు పాయింట్లు. అతికిన సూదిలో ఆ మెడే లేదు. 31 గేజ్ సూది బయటి మందం పావు మిల్లీమీటరు, దాని లోపల మళ్లీ మందు పోయే దారి. కొసను ఒకే వాలుగా కాక మూడు వాలులుగా చెక్కి, పైన సిలికాన్ పూత పూస్తారు. అందుకే గుచ్చినప్పుడు చీమ కుట్టినంత కూడా ఉండదు. రెండు మూడుసార్లు వాడితే పూత పోతుంది, కొస మొద్దుబారుతుంది. నొప్పి పెరిగిందంటే సూది అరిగిందన్నమాట. లోపలి నల్ల బిరడాకు రెండు అంచులుంటాయి. సూది వైపు అంచు ఏ గీత మీద ఉందో అదే లెక్క, వెనక అంచు కాదు.

మూడేళ్ల కిందట పట్నంలో ఒక మందుల దుకాణంలో ఎర్ర మూతవి అయిపోయాయని నారింజ రంగు మూతవి ఇచ్చారు. తెచ్చింది నేనే. "సూది అదే, మందు అదే, ఇందులో గీతలు ఎక్కువున్నయ్, అంతే గదరా" అంది అత్త. నేనూ సరేనన్నాను. వారం తిరిగేసరికి గొంతు ఎండిపోవడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం. నారింజ మూతది యు-100. దాని మీద 20 అంకె దాకా లాగితే వచ్చేది మిల్లీలీటరులో ఐదో వంతు, 40 యూనిట్ల సీసాలోంచి అయితే 8 పాయింట్లే. అత్త వారం రోజులు సగానికన్నా తక్కువ మందు మీద ఉంది. ఇది తిరగబడితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్నులో వేసే గొట్టంలో సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. పెన్ను చెడిపోయిందని అందులోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీతలు లాగితే 50 పాయింట్లు లోపలికి పోతాయి, మనిషి స్పృహ తప్పొచ్చు. మూతల రంగులు అందుకే వేరుచేశారు. ఆ జాగ్రత్త తయారుచేసినవాళ్లు తీసుకున్నారు, చూడాల్సిన జాగ్రత్త నేను తీసుకోలేదు.

ఇప్పుడు కుండ దగ్గరికి వస్తాను. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. వాడకంలో ఉన్న సీసా సాధారణంగా 25, 30 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు నిలుస్తుంది. మా వైపు వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ పదిహేను డిగ్రీలను కరెంటు లేకుండా దించడం కుమ్మరి పని.

ఆయన చెరువు మట్టిని ఎండబెట్టి, జల్లించి, సన్నటి ఇసుకా బూడిదా కలిపి కాళ్లతో తొక్కుతాడు. ఆ కలపడంలోనే కుండ గుణమంతా ఉంది. ఇసుక రేణువుల పక్కన సందులు మిగిలి, కాలిన గోడ అంతా కంటికి కనిపించని రంధ్రాలవుతుంది. సారె మీద లేచేటప్పుడు కుండకు అడుగు ఉండదు, మెడా భుజమూ మాత్రమే వస్తాయి. కొంచెం ఆరాక లోపల రాయి ఆనించి బయట చెక్కతో తట్టి తట్టి గోడను పలచన చేస్తూ, కిందికి సాగదీస్తూ అడుగు మూసేస్తాడు. గోడ మందమైతే నీరు బయటికి రావడం ఆలస్యం, మరీ పలచనైతే ఆవంలో పగులుతుంది. ఆ మందం ఆయన కొలబద్దతో చూడడు, చెక్క దెబ్బకు వచ్చే శబ్దంతో తెలుసుకుంటాడు. ఆవంలో మంట మరీ ఎక్కువైతే మట్టి గాజులా బిగిసి రంధ్రాలు మూసుకుంటాయి, తక్కువైతే నీటికి నానుతుంది. మధ్యలో ఆగాలి.

అలా ఆగిన కుండ చెమరుస్తుంది. లోపలి తడి గోడలోంచి పైకి వచ్చి గాలికి ఆవిరవుతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక క్యాలరీ చాలు. అదే గ్రాము ఆవిరై పోవాలంటే దాదాపు 580 క్యాలరీలు కావాలి. ఆ వేడిని అది కుండలోంచే లాక్కుని పోతుంది. గాలి 42 డిగ్రీలున్నా తేమ 20 శాతమే ఉంటే తడి వస్తువు 24 డిగ్రీల దాకా దిగగలదు. కుండ అంత కిందికి చేరకపోయినా దాని దరిదాపుల్లోకి వెళ్తుంది. మనల్ని మాడ్చే పొడి వడగాలే కుండకు బలం. తేమ 40 శాతమైతే ఆ హద్దు 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వానాకాలం కుండ పెద్దగా చల్లబరచదు, అప్పుడు గాలే 30 దగ్గర ఉంటుంది కాబట్టి గండం గడుస్తుంది.

రెండు కుండల మధ్య తడి ఇసుక ఎందుకంటే, సీసా నీళ్లకు తగలకూడదు, చల్లదనం మాత్రం తగలాలి. ఇసుక నీటిని పట్టి ఉంచి నిదానంగా గోడకు అందిస్తుంది. ఇదే అమరికను 1995లో నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు కూరగాయలు నిలవ ఉండడానికి ఊళ్లలో వ్యాపింపజేశాడు, కుమ్మరుల కుటుంబంలో పుట్టినవాడు ఆయన. ఇన్సులిన్ ఆ మాత్రం వేడిని తట్టుకుంటుందన్న మాట కూడా పరిశీలనకు నిలబడింది. ఉత్తర కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరంలో ఇళ్లలోని వేడిని కొలిచి, అదే తీరున 25కూ 37కూ మధ్య పెరిగి తగ్గే వేడిలో నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్‌ను జెనీవా విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. చల్లగా దాచినదానికీ దీనికీ బలంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2021లో ప్రకటించారు. అత్త సీసా 13 రోజులకే ఖాళీ అవుతుంది. తెరవని సీసాలు మాత్రం ఆరోగ్య కేంద్రం ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఇంటికి ఒక్కటే తెచ్చుకోవాలి.

సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. కంగుమంటే మంచిది, బొదబొదమంటే ఎక్కడో బీట ఉంది. లోపలగానీ బయటగానీ రంగు, నూనె పూసినది వద్దు, రంధ్రాలు పూడిపోతాయి. ఇసుకను పూటపూటా తడపాలి. ఏడాది గడిచేసరికి నీళ్లలోని ఉప్పు గోడ మీద తెల్లగా పేరుకుని చెమర్చడం తగ్గుతుంది. అప్పుడు కొత్తది తెచ్చుకోవడమే. పాతది తులసికి కుండీ అవుతుంది.

షుగర్ చూసే మిషన్ దగ్గర అసలు పనితనం పట్టీలో ఉంది. కొసన ఉన్న సన్నటి గాడి రక్తాన్ని తనే పీల్చుకుంటుంది, మనం నెట్టనక్కర్లేదు. చాలా పట్టీలకు అర మైక్రోలీటరు చాలు, అంటే ఆవగింజ కన్నా చిన్న బొట్టు. లోపల పూసిన ఎంజైమ్ చక్కెరను పట్టుకుని ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, మిషన్ ఆ కరెంటును కొలిచి అంకెగా చూపుతుంది. ఇంత సున్నితమైనది కాబట్టే మామిడిపండు తిన్న చేతులు కడగకుండా గుచ్చితే రసం చక్కెరను కూడా కలిపి చెబుతుంది. మామిడి కాలంలో అత్త అంకె ఒకసారి 400 దాటితే ఇల్లంతా కంగారుపడ్డాం, చేతులు కడిగి చూస్తే 170. పట్టీల డబ్బా మూతలో తేమ పీల్చే మందు ఉంటుంది, పట్టీ తీయగానే మూత బిగించాలి. వానాకాలం మరీ ముఖ్యం.

మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి ఒక మాట ఇక్కడివాళ్లకు తప్పక చెప్పాలి. కోయ గూడేల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది. ఆ పరీక్ష కొలిచేది ఎర్రకణాలకు అంటిన చక్కెరను. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, సికిల్ సెల్ జబ్బులో రెండు మూడు వారాలకు మించి నిలవదు. చక్కెర అంటుకునేంత వ్యవధి కణానికి లేనప్పుడు ఆ పరీక్ష తక్కువ చూపించి మోసం చేస్తుంది. అలాంటివాళ్లకు వేలి బొట్టు అంకెలు మేలైన దారి. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే పరీక్ష రాసే డాక్టరుకు ముందే చెప్పాలి.

షుగర్‌తో స్పర్శ తగ్గిన కాళ్లకు వేసుకునేవి ఎంసీఆర్ చెప్పులు. సన్నటి గాలి బుడగలు నిండిన మెత్తటి రబ్బరు అట్ట వాటి గుణం. వెల్లూరులో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల స్పర్శలేని పాదాల కోసం చేసిన కృషి నుంచి షుగర్ పాదాలకు వచ్చాయవి. మేకు ఒక్కటి కూడా ఉండకూడదు, అతుకూ కుట్టూ మాత్రమే ఉండాలి. స్పర్శ పోయిన కాలు చెప్పు జారినా గుర్తించదు కాబట్టి వెనక పట్టీ ఉండి తీరాలి.

అత్త కుండ పక్కన గోడకు రెండు ఖాళీ డబ్బాలు మేకుకు తగిలించి ఉంటాయి, ఒకటి ఇన్సులిన్ సీసాది, ఒకటి సిరంజిలది. రెంటి మీదా 40 అంకె చుట్టూ నేను పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చాను. ఇప్పుడు ఎవరు మందు తేవడానికి వెళ్లినా ఆ రెండూ జేబులో పెట్టి పంపుతుంది. మీ ఇంట్లో ఇన్సులిన్ తీసుకునేవాళ్లుంటే, ఈసారి దుకాణం గడప దిగక ముందే, వెలుతురులో నిలబడి, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటో కాదో చదివి చూడండి.